ఖాళీ బండి మీద బిగించిన లైట్లు

ఫిబ్రవరి 11, మంగళవారం

పానకాలుగారు మళ్ళీ వచ్చారు. మిర్చి కోతలు మొదలయ్యాయి కదా, ఆయన పికప్ బండ్లన్నిటికీ క్యాబిన్ నెత్తిన లైటు బార్లు కావాలట.

"మామూలువి కాదు జయమ్మగారూ. నా బండి వస్తుంటే రెండూళ్ళ అవతల్నుంచే తెలియాల. మధ్యలో మా స్వామి నామం వెలగాల" అన్నారు.

మా అబ్బాయి జయపాల్ నా వంక చూశాడు. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు ఈ షెడ్డులో దేవుడి బొమ్మల పని ఒప్పుకునేవాళ్ళం కాదు. నేను "చూద్దామండి" అన్నాను, అంతే.

మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే తోచింది. మూడు నిలువు గీతలు. మధ్యది పసుపు, అటూ ఇటూ తెలుపు. వాటికి రెండు పక్కలా పెద్ద తెల్ల లైట్లు వరసగా. ఆయనకి అది నామం. నాకు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. వెంటనే అట్టపెట్టె చింపి కొలతలు వేసి కత్తిరించాను. జయపాల్ నాన్న పోయిన దగ్గర్నుంచీ నమూనాలన్నీ నావే. పిల్లవాడిది వెల్డింగు. పదో తరగతి చదివినదాన్ని, కానీ ప్రత్తిపాడు సెంటర్లో 'జయమ్మ బార్' అంటే తెలియని డ్రైవరు లేడు. గర్వం కాదు, ఇది ప్రభువు ఇచ్చిన నేర్పు, తలాంతు.

సాయంత్రం అట్ట చూపిస్తే పానకాలుగారు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మొదటి బార్ ఇమ్మానుయేలు తోలే బండికి ఎక్కించాం. ఇమ్మానుయేలు మన సంఘం మనిషి. ఒకప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక ముట్టలేదు. ఇప్పుడు ఆరాధనలో డప్పు అతనిదే.

బిగించేటప్పుడు జయపాల్ ఒక పేచీ పెట్టాడు.

"నాన్న వెనక బస్తాలు వేయించి చూసేవాడు కదమ్మా. లోడు పడితే వెనక కూచుంటది, ముక్కు పైకి లెగుద్ది. ఇప్పుడు రోడ్డు మీద పడే వెలుగు అప్పుడు ఎదుటోడి కళ్ళల్లో పడుద్ది. కొంచెం వంచి బిగిద్దాం."

వంచితే మూడు గీతలూ తల దించుకున్నట్టు కనిపిస్తాయి. వంచి చూపించాడు, చూశాను. బాగాలేదు. దేవుని గుర్తు తల దించుకుని ఉండకూడదు. పైగా ఆ వేళకి బస్తాలు ఎక్కణ్ణుంచి తేవాలి? పానకాలుగారు కుర్చీలో కాళ్ళూపుకుంటూ గడియారం చూస్తున్నారు.

"ఖాళీ బండికి చక్కగా ఉందిగా నాయనా. దేవుని పేరు తలుచుకుని బిగించు" అన్నాను.

ఆ మూడు గీతల అర్థం ఇమ్మానుయేలు చెవిలో చెప్పాను. పగలబడి నవ్వాడు. "భలేదానివక్కా! ముందేమో ఏసయ్య, వెనకేమో మిరపకాయలు. ఏడిపించేది ఒకరు, ఓదార్చేది ఒకరు. ఇంక నా బండికేం తక్కువ?" అన్నాడు. పానకాలుగారికి చెప్పకు తమ్ముడూ అంటే నోటికి తాళం వేసినట్టు చెయ్యి తిప్పాడు.

మసక పడ్డాక లైట్లు వేశారు. రోడ్డు అవతల టీ కొట్టు గోడ మీద సున్నం పెచ్చులు కూడా కనిపించాయి. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

ఫిబ్రవరి 20, గురువారం

మిగతా బండ్లు కూడా అయిపోయాయి. పానకాలుగారు కొబ్బరికాయ కొట్టించారు. నేను అటు తిరిగి ప్రార్థన చేసుకున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

ఇమ్మానుయేలు వచ్చాడు, బండి దిగకుండానే మాట్లాడాడు.

"అక్కా, టిక్కీలు ఎక్కించుకుని వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు అమ్మనాబూతులు తిడుతున్నారు. నిన్న ఒకడు రాయి తీసుకుని విసిరాడు. ఆపేద్దామంటే మా పానకాలు ఊరుకోడు, నామం వెలుగుతానే ఉండాలంటాడు. ఓ రెండు వేళ్ళు కిందికి దించు."

టిక్కీలంటే అంతంత మిర్చి బస్తాలు, నిండా ఎక్కిస్తే బండి వెనక కుంగిపోతుంది, నిజమే. కానీ ఒక్క బండికి దించితే అన్నిటికీ దించాలి. తప్పు చేశామని పానకాలుగారు అనుకుంటారు. ఇప్పుడిప్పుడే తెనాలి వైపు ఓనర్లు కూడా వచ్చి నమూనా చూసి వెళుతున్నారు.

"సీజను అయిపోనీ తమ్ముడూ. నువ్వే కొంచెం చూసుకుని తోలు" అన్నాను.

"సర్లే అక్కా, దేవుడున్నాడు" అని వెళ్ళిపోయాడు. మంచి విశ్వాసం.

మార్చి 5, భస్మ బుధవారం

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలు. మధ్యాహ్నం భోజనం మానేస్తానని తీర్మానం చేసుకున్నాను. ఎవరినీ నొప్పించకుండా ఈ దినాలు గడిపే కృప ఇమ్మని అడిగాను.

మార్చి 9, ఆదివారం

గుడికి వెళ్ళి వచ్చాను. వాక్యం ఏదో గుర్తులేదు.

నిన్న పొద్దుగూకే వేళ ఇమ్మానుయేలు లోడు వేసుకుని కోల్డ్ స్టోరేజీకి వెళుతుంటే, కాలవ మలుపు దగ్గర ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న మనిషి సరాసరి బండి కిందికి వచ్చేశాడట. పేరు యలమందయ్య. పక్క ఊళ్ళో కౌలు చేసుకుంటాడట. మిరప కళ్ళం దగ్గర్నుంచి ఇంటికి పోతున్నాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. జనం పోగయ్యేసరికి ఇమ్మానుయేలు భయపడి పత్తి చేలోకి పారిపోయాడు. ఇవాళ పొద్దున తనే స్టేషనుకి వెళ్ళాడట.

జయపాల్ ఆ మలుపు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, లైటు" అన్నాడు.

"అన్నం తిను" అన్నాను.

మార్చి 10, సోమవారం

జయపాల్ స్టేషనుకి వెళ్ళి బార్ ఎలా బిగించామో చెప్పి వస్తానని బయల్దేరాడు. "ఇమ్మానుయేలు మావయ్య మీదకి వస్తదమ్మా. ఆయన దించమన్నాడంట కదా?"

నేను గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. "వెళ్ళు నాయనా. నేను మాత్రం ప్రభువు నీకు మంచి బుద్ధి ఇచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నాను.

తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. వెళ్ళలేదు. మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరిగి మంచం మీద ఒరిగాను. వాడే మజ్జిగ కలిపి తెచ్చాడు. గ్లాసు పట్టుకుని ఏడ్చాడు. "తాగమ్మా, ఎక్కడికీ పోను" అన్నాడు.

తాగాను. ఆయన ప్రార్థన ఆలకించే దేవుడు.

మార్చి 12, బుధవారం

రోగులను దర్శించడం మన విధి. బత్తాయిలు తీసుకుని గుంటూరు బస్సెక్కాను.

యలమందయ్య నా ఈడువాడే ఉంటాడు. నడుం కింద అంతా కట్లు. భార్య మల్లేశ్వరి మంచం కింద చాప వేసుకుని కూర్చుంది. నేను ప్రార్థన చేయడానికి వచ్చానంటే, "ఏ దేవుడైనా పర్లేదమ్మా, చెయ్యండి" అంది.

ప్రార్థన అయ్యాక అతను కళ్ళు తెరిచాడు. మాట స్పష్టంగానే ఉంది.

"తెల్లగా వచ్చిందమ్మా. పొద్దు నెత్తిన పడ్డట్టు. రోడ్డు లేదు, చేను లేదు, ఏమీ లేదు. మధ్యలో మూడు గీతలు. పసుప్పచ్చది ఒకటి. ఎటు తిప్పాలో తెలవలా."

మల్లేశ్వరి, "అదేనండి, అస్తమానం అదే అంటన్నాడు. లైటు లైటు అని. పోలీసోళ్ళు వస్తే చెప్తానంటన్నాడు" అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు నా నోటికి మాట అందించబడింది. నేను అనుకుని అన్నది కాదు.

"అది లైటు కాదు నాయనా. నిన్ను నిలబెట్టింది ఆ వెలుగే. ముగ్గురుగా ఉన్న ఒక్కడే నీకు కనబడ్డాడు. అంత పెద్ద బండి కింద పడి ఎవరు బతుకుతారు చెప్పు?"

అతను నా వంక చాలాసేపు చూశాడు. "దేవుడా?" అన్నాడు.

"దేవుడే."

మల్లేశ్వరి నా చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. "నిజమేనా అమ్మా? మా ఆయనకి దేవుడు కనబడ్డాడా? ఈయనెప్పుడూ గుడికి కూడా పోయినోడు కాదే!"

వచ్చేటప్పుడు అతను ఏడుస్తున్నాడు. సంతోషంతోనే అనుకుంటాను.

మార్చి 14, శుక్రవారం

స్త్రీల కూడిక పాస్టరమ్మగారింట్లో జరిగింది. పాట అయ్యాక ఎప్పటిలాగే ఒక్కొక్కరూ ప్రార్థన అంశాలు చెప్పారు. ఒకరి మోకాళ్ళ నొప్పులు, ఒకరి మనవరాలి పరీక్షలు. అంశం చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మోకరించడమే.

నా వంతు వచ్చింది. ఇమ్మానుయేలు భార్య సువార్త రాలేదు. స్టేషను చుట్టూ తిరుగుతోందట పాపం.

"మన తమ్ముడు ఇమ్మానుయేలు కోసం. పాత బలహీనతలోనుంచి ప్రభువు అతన్ని విడిపించాలని" అన్నాను.

ఎవరో నోరు చప్పరించారు. పాస్టరమ్మగారు కళ్ళజోడు తీసి, "మళ్ళీ మొదలుపెట్టాడా జయమ్మా?" అని అడిగారు.

"ప్రార్థన చేద్దాం అమ్మగారూ" అన్నాను.

అందరూ కన్నీళ్ళతో చేశారు. ఇంత ఐక్యతగల ప్రార్థన ఈ మధ్య జరగలేదు. తాగాడని నేను అనలేదు. బలహీనత ఎవరికి లేదు?

మార్చి 17, సోమవారం

సెంటర్లో టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారట, ఇమ్మానుయేలు తాగి తోలాడని, అందుకే చేలోకి పారిపోయి మత్తు దిగేదాకా దాక్కున్నాడని. పానకాలుగారు షెడ్డుకి వచ్చి, "తాగుబోతోడికి బండిచ్చి నెత్తి మీదకి తెచ్చుకున్నానండీ! మీ చర్చివాళ్ళే చెప్పారంట" అని తల కొట్టుకున్నారు.

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఎవరు చెప్పారో మరి.

మార్చి 19, బుధవారం

సువార్త వచ్చింది. వందనాలు కూడా చెప్పలేదు.

"వదినా, నువ్వు పెట్టావంట అంశం."

"ప్రార్థించమన్నాను సువార్తా. అంతకంటే ఏమన్నాను?"

"తాగని మనిషిని తాగుడు మాన్పించమని అడిగితే దేవుడేం చెయ్యాల వదినా? ముందు తాగించి, తర్వాత మాన్పించాలా?"

"కోపం నీ ఆత్మకి మంచిది కాదమ్మా. కూర్చో, కాఫీ తాగుదువుగాని."

"నీ కాఫీలో ఎవరి బతుకు కలిపావో!" అంది. నా వయసులో నన్ను ఎవరూ అలా అనలేదు. "రెండు వేళ్ళు దించమని నిన్ను అడిగాడు. ఇంటికొచ్చి నాతో చెప్పాడు. ఒట్టేసి చెప్పు, అడగలా?"

వాక్యం ప్రకారం మనం ఒట్లు పెట్టుకోకూడదు. ఆ మాటే చెప్పాను.

వెనక షెడ్డులో జయపాల్ చేతిలో ఇనుము కోసే బ్లేడు మిషను ఆగిపోయింది. వాడు బయటికి రాలేదు. సువార్త వాడి వైపు చూసి, "ఒరే జయపాలూ, నిన్ను భుజాల మీద ఎక్కించుకుని క్రిస్మస్ స్టార్ కట్టించాడ్రా ఆయన! నువ్వన్నా నోరు తెరువు" అంది.

మిషను మళ్ళీ మోగింది.

పాపం, కష్టంలో ఉంది. ఆమెని క్షమించాను.

మార్చి 20, గురువారం

ఈ పొద్దున ప్రార్థనలో నాకొక కొత్త నమూనా చూపించబడింది. మూడు గీతల పలక వేరు, తెల్ల లైట్లు వేరు. గీతల పలక నిటారుగానే ఉంటుంది. లైట్లకి కింద కీలు పెడితే ఎంత కావాలంటే అంత వంచుకోవచ్చు. ఎంత సుళువు! ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో.

పానకాలుగారికి, కొత్త మోడలండి, అన్నిటికీ మార్చేద్దాం అన్నాను. ఆయనకి కొత్త అంటే చాలు. ఈసారి బస్తాలు ఎక్కించే చూశాం. జయపాల్ చేశాడు.

ఇమ్మానుయేలు తోలిన బండిని పానకాలుగారు స్టేషన్ నుంచి విడిపించుకొచ్చారు, దాని బార్ కూడా తెప్పించాను. కొత్తది పెట్టాక పాతది ఎందుకు? ముక్కలు కోయించి పాత ఇనుములో వేయించాను. కోస్తూ జయపాల్ ఒకసారి నా వంక చూశాడు. పైపు తుప్పు పట్టింది నాయనా అన్నాను.

నెల కిందటే కొన్న పైపు. ఈ మధ్య సరుకు ఏమీ బాగుండటం లేదు.

మార్చి 24, సోమవారం

యలమందయ్య పోయాడు.

మార్చి 26, బుధవారం

మనసు ఒప్పక చూసి వచ్చాను. మల్లేశ్వరి నన్ను చూడగానే కాళ్ళ మీద పడింది. వద్దంటున్నా వినలేదు. పోలీసులు మాట తీసుకోవడానికి వచ్చినప్పుడు యలమందయ్య, "నాకు దేవుడు కనబడ్డాడు, బండాయన తప్పో లైటు తప్పో నాకు తెలవదు" అన్నాడట. వాళ్ళు మొహమొహాలు చూసుకుని, మందుల మత్తులో ఉన్నాడని రాసుకుని పోయారట.

"మీరు చెప్పిన కాణ్ణుంచి ఆయన నొప్పని అనలేదమ్మా. ఆ వెలుగు మళ్ళీ వస్తదని గోడకేసి చూస్తా పోయాడు" అంది.

వాళ్ళ వాకిట్లో పట్టా మీద మిరపకాయలు ఇంకా ఆరబోసే ఉన్నాయి. ఎవరూ తిరగేయక కింద పొర తెల్లబడింది. బస్సుకి టైమవుతుంటే వచ్చేశాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇమ్మానుయేలు బెయిలు మీద వచ్చాడు. మొన్న ఆదివారం గుడిలో అతని బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. డప్పు వేరేవాళ్ళు తీసుకున్నారు.

ఇవాళ షెడ్డుకి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"అక్కా, నేను తాగలేదు కదా?"

నేను కుండ మీద మూత సరిచేశాను.

"తాగలా. నాకు తెలుసు. కానీ పాస్టరు అయ్యగారు అడిగారు, పానకాలు అడిగాడు, లాయరు కూడా పక్కకి పిలిచి నిజం చెప్పమన్నాడు. అమ్మగారయితే నా తల మీద చెయ్యేసి ఏడ్చింది. అంతమంది నాకోసం ఏడుస్తుంటే... ఆ సాయంత్రం తలుచుకుంటే అంతా మైకంగానే ఉందక్కా. ఆ మనిషి మొహం, చప్పుడు, తర్వాత పత్తి చేను. ముందరిదేదీ గుర్తు రావట్లా. పాత రోజుల్లో కూడా అట్టాగే ఉండేది."

"మనకి గుర్తుండకపోవచ్చు తమ్ముడూ. ఆయనకి అన్నీ తెలుసు. ఒప్పుకుంటే భారం దిగిపోతుంది."

తలూపాడు. లేచి వెళ్ళబోయి మళ్ళీ ఆగాడు.

"ఒక్కటి చెప్పక్కా. రెండు వేళ్ళు దించమని నిన్ను అడిగానా లేదా? అదొక్కటన్నా నిజమేనా? అది నిజమైతే నా బుర్ర సరిగ్గానే ఉన్నట్టు."

ఎంత ఆశగా చూశాడో. ప్రభువా, నువ్వు చూశావు కదా.

"నాకు గుర్తులేదు నాయనా" అన్నాను.

"అంతేలే" అన్నాడు. గ్లాసు జాగ్రత్తగా అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

ఏప్రిల్ 7, సోమవారం

జయపాల్ పొన్నూరు వెళ్ళిపోయాడు. వరి కోత మిషన్ల షెడ్డులో పని దొరికిందట. పిల్లలకి బయటి అనుభవం ఉండాలి. బట్టలన్నీ తీసుకెళ్ళాడు.

ఏప్రిల్ 10, గురువారం

తెనాలి వాళ్ళు వచ్చారు. కీలు నమూనా చూసి ఆశ్చర్యపోయారు. వెల్డింగుకి వేరే మనిషిని చూసుకోవాలి.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ గుడి చుట్టూ తిరిగారు. ఎండ అప్పుడే మాడుస్తోంది.

వాక్యం అయ్యాక అయ్యగారు, ఒక సహోదరుడు సాక్ష్యం చెబుతాడన్నారు. ఇమ్మానుయేలు ముందుకు వెళ్ళాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. సువార్త చేసి ఉండదు. తనే చేసుకుని ఉంటాడు.

మైకు వద్దన్నాడు.

"నేను తాగాను. ఎక్కడ తాగానో, ఎవరితో తాగానో నాకు గుర్తులేదు. అయినా తాగాను. ఒక మనిషిని చంపాను. భయపడి పారిపోయాను. సంఘం నాకోసం కన్నీళ్ళు కార్చింది. అబద్ధానికి ఎవరూ అన్ని కన్నీళ్ళు కార్చరు. రేపు జడ్జిగారి ముందు కూడా ఇదే చెప్తాను. నన్ను క్షమించండి."

ఆడవాళ్ళ వైపు నుంచి సువార్త లేచింది. "తాగలేదయ్యా! ఆ పూట నా చేత్తో కలిపిన మజ్జిగన్నం తిని వెళ్ళావు! పిచ్చోడా, నువ్వు తాగలేదు!" అని అరిచింది. ఇద్దరు ముగ్గురు పట్టుకుని కూర్చోబెట్టబోయారు. కూర్చోలేదు. ఇమ్మానుయేలు ఆమె వైపు చూసి, "నీకు తెలవదులే సువార్తా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అయ్యగారికి ఏం చేయాలో తెలియలేదు. కాసేపు బైబిలు పుటలు తిప్పారు. తర్వాత, "ఈ సాక్ష్యం సత్యమని సంఘం నమ్ముతున్నదా? నమ్మితే ఆమేన్ అనండి" అన్నారు.

ఎవరూ అనలేదు. మట్టలు పట్టుకున్న పిల్లలు కూడా కదల్లేదు. అమ్మగారు తల వంచుకున్నారు. అప్పుడు సువార్త అందర్నీ వదిలేసి నన్ను చూసింది. తిట్టలేదు. చేతులు జోడించింది. అక్కడ అంతమంది ముందు, నా ఒక్కదానికే. ఇమ్మానుయేలు కూడా నన్నే చూస్తున్నాడు. కాదని ఎవరైనా అంటారేమో అన్నట్టు చూశాడు.

నేను ఆమేన్ అన్నాను. మెల్లగానే అన్నాను. గుడి అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది. ఆ తర్వాత అందరూ అన్నారు.